అరచేతిలో గాలిమోటరు

మా ఇంటికి తొలిసారి వచ్చిన పెద్దవాళ్లు నా పుస్తకాల బీరువా ముందు ఆగి ఒక మాట తప్పక అంటారు: "పిల్లల బొమ్మలు అంత ఎత్తున పెట్టారేమండీ, వాళ్లకి అందవద్దూ?" పిల్లలకి అందకూడదనే అక్కడ పెట్టానని చెప్పటానికి మొదట్లో మొహమాటపడేవాణ్ణి. ఇప్పుడు పెట్టె అడుగున ఉన్న హెచ్చరిక చూపిస్తున్నాను. 14 ఏళ్ల లోపువారి కోసం కాదని దానిమీదే అచ్చువేసి ఉంటుంది. బొమ్మలమ్మేవాడే ఇది బొమ్మ కాదని రాసి ఇస్తున్నప్పుడు నేను వేరే వాదించనక్కరలేదు.

బీరువాలో ఉన్నవి విమానాలు. కరిగించిన లోహాన్ని ఉక్కు మూసలోకి ఒత్తిడితో పంపి పోతపోసినవి. డైకాస్ట్ అనే మాట మనవాళ్లకి అలవాటే. అన్నీ ప్రయాణికుల విమానాలే, అన్నీ ముక్కుకో రెక్కలకో పంకాలున్నవే. జెట్టు ఒక్కటీ లేదు. తెలంగాణ పల్లెల్లో విమానాన్ని గాలిమోటరు అనేవారు. నాకు ఆ మాట ఈ విమానాలకే సరిపోతుందనిపిస్తుంది. జెట్టు విమానంలో మోటరు మనకి కనబడదు. వీటిలో అది బయటికే ఉండి, తిరుగుతూ, పొగ చిమ్ముతూ, నూనె కారుస్తూ కనబడేది.

ఆ విమానాల యుగం చాలా చిన్నది. అమెరికాలో డగ్లస్ వారి డీసీ-3 మొదటిసారి ఎగిరింది 1935 డిసెంబరు 17న. బోయింగు 707 అట్లాంటిక్ దాటే ప్రయాణికుల్ని మోయటం మొదలుపెట్టింది 1958లో. మధ్య ఇరవై మూడేళ్లు. అందులో ఆరేళ్లు యుద్ధం మింగేసింది. మిగిలిన కొద్ది కాలంలోనే డీసీ-4, డీసీ-6, కాన్స్టెలేషన్, స్ట్రాటోక్రూజర్, వైకౌంట్ అన్నీ వచ్చి, మహాసముద్రాలు దాటి, పాతబడిపోయాయి. ఒక తరం విమానాలు కళ్లముందే పుట్టి కళ్లముందే తుక్కు దుకాణాలకి చేరాయి. వాటిని చూడాలంటే ఇప్పుడు మ్యూజియాలకి వెళ్లాలి, లేదా ఇలా అరచేతిలో పెట్టుకోవాలి.

నేను చెప్పదలచుకున్నది ఆ అరచేతిలో చరిత్ర గురించే. ఈ లోహపు నమూనాలు చరిత్రకి సాక్ష్యాలని నేను చాలాకాలం నమ్మాను. ఇప్పుడూ నమ్ముతున్నాను గాని, ఎవరి తరఫు సాక్షులో కూడా అడగాలని కాస్త ఆలస్యంగా తెలిసింది.

ఇంగ్లండులో లివర్‌పూల్ నగరం, బిన్స్ రోడ్డు. అక్కడ ఫ్రాంక్ హార్న్‌బీ స్థాపించిన మెకానో కంపెనీ కర్మాగారం ఉండేది. బొమ్మ రైళ్ల పక్కన పెట్టుకోవటానికి చిన్న చిన్న మనుషుల్నీ బళ్లనీ పోతపోయటంతో మొదలై, 1934 నాటికి వాటికి డింకీ టాయ్స్ అనే పేరు స్థిరపడింది. ఆ ఏడే విమానాలు కూడా వచ్చాయి. మొదటి జాబితాలోని ప్రయాణికుల విమానం పేరు ఇంపీరియల్ ఎయిర్‌వేస్ లైనర్. అసలు విమానం ఆర్మ్‌స్ట్రాంగ్ విట్‌వర్త్ వారి అటలాంటా. పైకప్పుమీద పరచినట్టుండే రెక్క, దానికి నాలుగు ఇంజన్లు. ప్రపంచం మొత్తంమీద ఎనిమిదే తయారయ్యాయి.

ఇంతకీ ఆ ఎనిమిదీ లండను నుంచి పారిస్ వెళ్లటానికి కట్టినవి కావు. ఆఫ్రికా ఎండకీ, మన ఎండకీ కట్టినవి. కరాచీ నుంచి ఉత్తరాది మీదుగా కలకత్తా, రంగూను, సింగపూరు వెళ్లే దారిలో తిరిగాయి. యుద్ధం వచ్చాక మిగిలిన కొన్ని సైన్యం చేతికి వచ్చి, మద్రాసు కేంద్రంగా బంగాళాఖాతం మీద గస్తీ తిరిగాయి. 1942లో జపాను బాంబులు విశాఖపట్నం, కాకినాడల మీద పడ్డ రోజుల సంగతి ఇది. లివర్‌పూల్ పిల్లవాడు కార్పెట్టు మీద ఆడుకున్న ఆ నాలుగు మోటర్ల బొమ్మకి అసలు రూపం మన తీరం వెంట శత్రునౌకల కోసం వెతుకుతూ తిరిగిందన్నమాట. ఈ సంగతి చదివిన రోజు నుంచి ఆ చిన్న బొమ్మని నేను ఇంగ్లీషువాడి బొమ్మగా చూడలేకపోతున్నాను.

అదే కర్మాగారం చేసిన మరో విమానం కథ ఇంకా తమాషాగా ఉంటుంది. యుద్ధానికి ముందు జర్మనీవారి నాలుగింజన్ల జుంకర్స్ విమానానికి ఒక అచ్చు తయారుచేశారు. మొదట దాన్ని ప్రయాణికుల విమానంగా అమ్మారు. యుద్ధం రాగానే నల్లరంగు పూసి, శత్రుచిహ్నాలు వేసి బాంబరుగా అమ్మారు. యుద్ధం ముగిశాక అచ్చు పారేయటానికి మనసొప్పలేదు. ఉక్కు అచ్చు ఖరీదు అలాంటిది. కాని జర్మను పేరుతో బ్రిటనులో బొమ్మ అమ్మటం ఎలా? పేరు తీసేసి "భారీ అతివేగ మోనోప్లేన్" అన్నారు. ఏ దేశానిది, ఎవరు కట్టారు అనే ఊసే లేదు. ఒకే ముద్ద లోహం పదేళ్లలో మూడు జన్మలెత్తింది. యుద్ధానంతర బ్రిటను మనఃస్థితి గురించి ఇంతకన్నా పొట్టి వ్యాసం నేను చదవలేదు.

ఇక లోహం సంగతి. వీటిని పోసే మిశ్రమం ముఖ్యంగా జింకు, మన పాత పుస్తకాల్లో తుత్తునాగం అంటారే, అది. దానిలో నూటికి నాలుగు పాళ్లు అల్యూమినియం, కొంచెం మెగ్నీషియం, కొన్ని రకాల్లో రాగి. ఈ నాలుగింటి జర్మను పేర్ల తొలి అక్షరాలు కలిపి జమాక్ అన్నారు. 1929లో అమెరికాలో న్యూజెర్సీ జింక్ కంపెనీవారు దీన్ని రూపొందించారు. సుమారు 385 డిగ్రీల వేడికి కరుగుతుంది. అంత తక్కువ వేడి కనుక ఉక్కు మూస చెడదు. ఒకే మూసలో వేలకొద్దీ బొమ్మలు పోయవచ్చు. పలచని రెక్క అంచుదాకా, చిన్న కిటికీ గీతదాకా లోహం పాకుతుంది. బొమ్మల పరిశ్రమ నెత్తిన పాలుపోసిన మిశ్రమం ఇది.

అయితే దీనికొక శాపం ఉంది. జింకు అత్యంత శుద్ధంగా ఉండాలి. లక్షకు ఐదు పాళ్లకి మించి సీసం కలిసిందా, ఆ బొమ్మకి చావు రాసిపెట్టినట్టే. సీసం లోహపు రేణువుల సరిహద్దుల్లో చేరుతుంది. గాలిలోని తేమ ఆ సరిహద్దుల వెంట లోపలికి దిగి తినటం మొదలుపెడుతుంది. తిన్నచోట పుట్టే తుప్పు అసలు లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అంచేత బొమ్మ ఉబ్బుతుంది, వంగుతుంది, పెంకు పగులుతుంది, చివరికి పొడి అవుతుంది. ఆ రోజుల్లో అదే కర్మాగారాల్లో సీసపు మనుషుల్నీ పోసేవారు. తుక్కు తుక్కులో కలిసేది. 1930ల నాటి బొమ్మలు తేలిగ్గా దొరకకపోవటానికి పిల్లలు విరగ్గొట్టటం సగం కారణమైతే, రెండో సగం ఇది. అందులోనూ విమానాలకే ముప్పు ఎక్కువ. కారుకి నాలుగు గోడలున్నాయి. విమానానికి ఉన్నది పలచని రెక్కలు. ముందు రెక్కలు కిందికి వాలుతాయి, ముసలివాడి భుజాల్లా. తరువాత చీలికలు వస్తాయి.

నా దగ్గర అలాంటిది ఒకటి ఉండేది. యుద్ధానికి ముందటిది, తయారీదారు పేరు ఇక్కడ అప్రస్తుతం. చాలా ఏళ్లు డబ్బు కూడబెట్టి కొన్నాను. వచ్చినప్పుడు ఎడమ రెక్క మొదట్లో వెంట్రుకంత గీత మాత్రమే ఉంది; రంగు పెచ్చులూడటం అనుకున్నాను. మూడు వర్షాకాలాలు గడిచాయి. నాలుగో ఏట దసరాకి బీరువా దులుపుతూ ఎత్తబోతే రెక్క అక్కడే ఉండిపోయింది, విమానం నా చేతిలోకి వచ్చింది. విరిగిన చోట లోహం మెరవలేదు. బూడిదరంగు బెల్లపు ముక్క విరిగినట్టుంది. దీనికి మందు లేదు. లోపలే ఉన్న రోగం కనుక అతికిస్తే అతుకు పక్కన విరుగుతుంది. ఇంట్లోవాళ్లు పారేయమన్నారు. ఒక చిన్న డబ్బాలో దూది పరచి దాచాను. లోహం శాశ్వతం, కాగితం అశాశ్వతం అనుకునేవాణ్ణి. ఆ విమానం కంటే పదేళ్లు పాతదైన మా తాతగారి పంచాంగం నా బీరువాలో ఇప్పటికీ నిక్షేపంగా ఉంది.

యుద్ధం తరువాత లోహం శుద్ధి బాగుపడింది. అవ్రో యార్క్ వచ్చింది, వికర్స్ వైకింగ్ వచ్చింది. మౌంట్‌బాటన్ 1947 మార్చిలో ఢిల్లీలో దిగింది యార్క్ విమానంలోనే. వైకింగులు మన దేశపు కంపెనీలూ నడిపాయి. 1956, 57ల్లో వైకౌంట్ బొమ్మలు వచ్చాయి. ఇండియన్ ఎయిర్‌లైన్స్ అసలు వైకౌంట్లను ప్రవేశపెట్టిందీ 1957లోనే. పారిస్ శివారు బొబిన్యీలోని మెకానో వారి ఫ్రెంచి శాఖ ఎయిర్ ఫ్రాన్స్ రంగుల్లో సూపర్ కాన్స్టెలేషన్ పోసింది. నా దృష్టిలో ఆ పాత బొమ్మలన్నిటిలోనూ అందమైనది అదే. కొలతలు కచ్చితం కావు. పెట్టెలో పట్టే సైజుకి, పిల్లవాడి జేబుకి అందే ధరకి తగ్గట్టు చేసినవి. అయినా ఆ ఒంపు పట్టుకున్నారు.

తరువాత జెట్లు వచ్చాయి, ప్లాస్టిక్ వచ్చింది. బిన్స్ రోడ్డు కర్మాగారం 1979 నవంబరులో మూతపడింది. పాత అచ్చుల్లో కొన్ని అంతకుముందే మన కలకత్తాకి చేరి నిక్కీ టాయ్స్ పేరుతో కొన్నాళ్లు బొమ్మలు కన్నాయి. రంగు ముద్దలు ముద్దలుగా ఉండేది గాని, కస్టమ్స్ సుంకం కట్టి ఇంగ్లండు బొమ్మ కొనలేని ఇళ్లకి అవే డింకీలు.

పంకాల విమానాలు మళ్లీ లోహంలో పుట్టటానికి చాలాకాలం పట్టింది. ఈసారి పిల్లల కోసం కాదు, ఆ విమానాలెక్కిన, ఎక్కలేకపోయిన పెద్దల కోసం. 1998లో కార్గీ కంపెనీ ఏవియేషన్ ఆర్కైవ్ అనే వరుస మొదలుపెట్టి కాన్స్టెలేషన్, స్ట్రాటోక్రూజర్, వైకౌంట్ వంటివి 144వ వంతు కొలతలో తెచ్చింది. అంగుళానికి పన్నెండు అడుగులన్నమాట. ఆ లెక్కన డీసీ-3 రెక్కలు ఒక కొసనుంచి మరో కొసకి 20 సెంటీమీటర్లు. మరికొందరు 200వ వంతు, 400వ వంతు, 500వ వంతు చేశారు. 500వ వంతు డీసీ-3 మన బొటనవేలంత. దానిమీద కూడా కిటికీలు లెక్కపెట్టవచ్చు.

అది ఎలా సాధ్యమయిందో చెప్పాలి. పాతరోజుల్లో అక్షరాలు నీళ్లలో నానబెట్టి అంటించే పొరలుగా వచ్చేవి. ఇప్పుడు చెక్కిన పలక మీద సిరా పూసి, మెత్తని సిలికాను ముద్దతో దాన్ని ఎత్తి, విమానం ఒంపు మీద అద్దుతారు. ముద్ద మెత్తన కనుక ఒంపు తిరిగినచోట అదీ తిరుగుతుంది. కళంకారీ అచ్చుల అద్దకం చూసినవారికి దీని ఊహ తేలిగ్గా అందుతుంది. అక్కడ చెక్క గట్టిది, గుడ్డ మెత్తనిది, ఇక్కడ తలకిందులు. దీనితో తోక మీది జెండా, తలుపు పక్కన విమానం పేరు, రిజిస్ట్రేషను అక్షరాలు అన్నీ సాధ్యమయ్యాయి.

రిజిస్ట్రేషను అక్షరాలు వచ్చాకనే బొమ్మ చరిత్రలో అడుగుపెట్టింది. అంతవరకూ అది "ఒక కాన్స్టెలేషన్". అక్షరాలు పడ్డాక అది ఫలానా విమానం, ఫలానా రోజున ఎగిరింది, ఫలానా రోజున పోయింది. పుట్టిన తేదీ, గిట్టిన తేదీ ఉన్న వస్తువు. సేకరించేవాళ్లలో గొడవలన్నీ అక్కడినుంచే. కిటికీలు గుండ్రమా చదరమా, ముక్కున రాడారు ముట్టె ఆ ఏటికి వచ్చిందా రాలేదా! నవ్వు వస్తుంది గాని, శాసనాల తేదీల మీద మన పండితుల తగాదాలకీ దీనికీ జాతిభేదం లేదు.

కాన్స్టెలేషన్ దగ్గర కొంచెం ఆగుతాను. నా ఇష్టం కొద్దీ. లాక్‌హీడ్ వారు టీడబ్ల్యూఏ కోసం, హోవార్డ్ హ్యూస్ ప్రోద్బలంతో 1939లో మొదలుపెట్టారు. 1943 జనవరి 9న ఎగిరింది. అన్ని రకాలూ కలిపి 856 తయారయ్యాయి. దాని దేహం తిన్నని గొట్టం కాదు. చేపలా మధ్యలో ఉబ్బి తోకవైపు పైకి లేస్తుంది. పంకాలు పెద్దవి, నేలకి తగలకూడదు, అంచేత కాళ్లు పొడవు. ముందుకాలు మరీ పొడవు కాకుండా ముక్కు కిందికి వంచారు. తోక ఒక్కటే పెడితే అప్పటి షెడ్డుల్లో పట్టదు. అందుకని పొట్టివి మూడు. అందం కోసం చేసినట్టుంటుంది గాని ప్రతి ఒంపు వెనుకా ఒక ఇబ్బంది ఉంది. ఇంజన్లు మాత్రం తలనొప్పి. పద్దెనిమిది సిలిండర్ల రైట్ ఇంజన్లు దారిలో మొరాయించటం ఎంత మామూలంటే, లోకంలోకెల్లా గొప్ప మూడింజన్ల విమానం ఈ నాలుగింజన్ల విమానమేనని పైలట్ల ఛలోక్తి.

ఎయిరిండియా ఇంటర్నేషనల్ తొలి విదేశీయానం దీనిమీదే. 1948 జూన్ 8 రాత్రి మలబార్ ప్రిన్సెస్ అనే కాన్స్టెలేషన్ బొంబాయి నుంచి కైరో, జెనీవాల మీదుగా లండను వెళ్లింది. తోక మీద మన జెండా. స్వాతంత్ర్యం వచ్చి ఏడాది నిండలేదు. రెండేళ్ల తరువాత, 1950 నవంబరు 3న, అదే మలబార్ ప్రిన్సెస్ జెనీవాలో దిగబోతూ మంచుతుఫానులో మోబ్లా శిఖరాన్ని ఢీకొంది. 48 మందీ పోయారు. ఎక్కువమంది ఓడల్లో పనికి వెళుతున్న మన నావికులు. రక్షించబోయిన బృందంలో ఒక పర్వత మార్గదర్శి కూడా మరణించాడు. కింది హిమానీనదం దశాబ్దాల తరువాత కూడా శకలాల్ని కొంచెం కొంచెంగా కక్కుతూ వచ్చింది.

1955 ఏప్రిల్ 11న పోయినది కాశ్మీర్ ప్రిన్సెస్. బాండుంగ్ సమావేశానికి వెళుతున్న చైనా ప్రతినిధుల్ని ఎక్కించుకుని హాంకాంగ్ నుంచి బయలుదేరింది. చౌ ఎన్ లై అందులో ఉంటాడనుకున్నారు, ఉండలేదు. చక్రాలు ముడుచుకునే గూటిలో టైంబాంబు పెట్టారు. సముద్రం మీద, ఇండోనేషియాలోని నతునా దీవుల దగ్గర పేలింది. కాప్టెన్ జటార్ మండుతున్న విమానాన్ని నీళ్లమీదికి దింపే ప్రయత్నం చేశాడు. 19 మందిలో బతికింది ముగ్గురు, ముగ్గురూ సిబ్బందే: దీక్షిత్, పాఠక్, కార్నిక్. తలుపుల దగ్గర నిలబడి లైఫ్ జాకెట్లు పంచిన గ్లోరియా బెర్రీ బతకలేదు. కార్నిక్ తరువాత ఆ కథని పుస్తకంగా రాశాడు.

ఇప్పుడు నా ఇబ్బంది చెబుతాను. అటువంటి విమానపు నమూనాని బీరువాలో పెట్టుకోవచ్చునా? ఆ అక్షరాలతో, ఆ పేరుతో? కొందరు తప్పంటారు, శవాన్ని అలంకరించినట్టని. నేనూ కొంతకాలం అలాగే అనుకున్నాను. తరువాత మరొకటి తోచింది. మోబ్లా మంచులోంచి బయటపడేది ముక్కలు. సముద్రంలో ఉన్నదీ ముక్కలే. ఆ రెండు విమానాలూ మూడు తోకలతో, వంగిన ముక్కుతో, ఒంటిమీద జెండాతో నిండుగా నిలబడగలిగింది ఎక్కడైనా ఉంటే అది ఈ 20 సెంటీమీటర్ల పోతలోనే. అభిప్రాయం మార్చుకున్నాను. ధూళి తుడిచేటప్పుడు మాత్రం మిగతావాటికంటే నెమ్మదిగా తుడుస్తాను.

మొదట్లో అన్నాను, ఎవరి తరఫు సాక్షులని. ఉక్కు అచ్చు ఖరీదైనది కనుక ఒకసారి చేయించాక అదే విమానాన్ని రంగులు మార్చి మార్చి అమ్ముతారు. ఎవరి రంగులు? కొనేవాళ్లున్న కంపెనీల రంగులు. పానామ్, టీడబ్ల్యూఏ, కేఎల్ఎం, బీవోఏసీ, క్వాంటాస్, లుఫ్తాన్సా. ఇందులో కుట్ర ఏమీ లేదు, వ్యాపారం. కాని వందేళ్ల తరువాత ఈ బీరువా ఒక్కటే మిగిలి, పుస్తకాలన్నీ పోయాయనుకోండి. అప్పటి చరిత్రకారుడు ఆకాశం అట్లాంటిక్ మీద మాత్రమే ఉండేదని రాస్తాడు.

మన ఆకాశం మీద తిరిగినవి ముఖ్యంగా డకోటాలు. డీసీ-3కి సైనిక రూపం. పదివేలకి పైగా తయారయ్యాయి. యుద్ధం ముగియగానే అమెరికావాళ్లు మన దేశంలో వదిలేసినవాటిని చవగ్గా అమ్మారు. బెంగుళూరు హిందుస్థాన్ కర్మాగారంలో వాటిని ప్రయాణికులకి అనువుగా మార్చారు. డబ్బున్నవాళ్లు తలా ఒక కంపెనీ పెట్టారు. 1949 జనవరి నుంచి ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి నాలుగు డకోటాలు రాత్రివేళ నాగపూరు చేరి, అర్ధరాత్రి ఉత్తరాల సంచులు మార్చుకుని తెల్లవారేలోగా ఇళ్లు చేరేవి. 1953లో ప్రభుత్వం ఎనిమిది కంపెనీల్ని కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్ చేసింది. ఆ ఎనిమిదిలో ఒకటి మన బేగంపేటది: దక్కన్ ఎయిర్‌వేస్. నిజాం ప్రభుత్వమూ టాటాలూ వాటాదారులుగా 1945లో ఏర్పడింది. మన దేశంలో ప్రయాణికుల విమానం నడిపే ఉద్యోగం ఒక స్త్రీకి, ప్రేమ్ మాథుర్‌కి, తొలిసారి ఇచ్చింది కూడా ఈ కంపెనీయే. ఎనిమిదేళ్ల బతుకు. నేను చూసిన ఏ తయారీదారు జాబితాలోనూ దక్కన్ ఎయిర్‌వేస్ డకోటా నా కంటబడలేదు.

నిజాం రాజ్యానికి ఇంకో పంకాల విమానంతోనూ సంబంధం ఉంది. 1948లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీ నుంచి రాత్రిళ్లు లాంకాస్ట్రియన్ విమానాల్లో నిజాం సైన్యానికి ఆయుధాలు చేరవేశాడు. లాంకాస్టర్ బాంబరుకి ప్రయాణికుల కుర్చీలు వేస్తే లాంకాస్ట్రియన్. సెప్టెంబరు 17కి అంతా ముగిసింది. కాటన్‌కి తరువాత లండను కోర్టు 200 పౌండ్లు జరిమానా వేసింది. బాంబరు నమూనాలు అంగట్లో కోకొల్లలు. కుర్చీలు వేసిన దానికోసం మాత్రం వెతుక్కోవాలి.

అందుచేత నేనే ఒక పని చేద్దామనుకున్నాను. ఏ కంపెనీ రంగులూ లేని వెండిరంగు డీసీ-3 ఒకటి, 144వ వంతుది, సంపాదించాను. దానిమీద దక్కన్ ఎయిర్‌వేస్ అని రాద్దామని. ముందుగా మా పెదనాన్నకి చూపించాను. ఆయన 1950లో బేగంపేట నుంచి మద్రాసుకి అందులో వెళ్లిన మనిషి. మా వంశంలో మొదట గాలిమోటరు ఎక్కినవాడు. చూపు బాగా మందగించింది. విమానాన్ని ఆయన చేతిలో పెట్టాను. ఎంత బరువురా అన్నారు. పంకాలు వేలితో తిప్పారు. తరువాత దాన్ని బల్లమీద నిలబెట్టి, నడుము మీద చెయ్యి వేసి తోకనుంచి ముక్కుదాకా నిమిరారు.

"అవునురా, ఇదే ఇదే. లోపలికెక్కితే ఇలాగే ఎగుడుగా ఉండేది. మెట్లెక్కాక మళ్లీ కొండెక్కినట్టు కుర్చీదాకా ఎక్కాలి. మీ పెద్దమ్మ జారిపడబోయింది. చెవుల్లో పెట్టుకోమని దూది ఇచ్చారు, చప్పరించమని పిప్పరమెంట్లిచ్చారు. దిగాక కూడా రెండు గంటలు చెవుల్లో మోటరు తిరుగుతూనే ఉంది."

డకోటాకి మూడో చక్రం తోక కింద ఉంటుంది. నేలమీద ముక్కెత్తుకుని కూర్చుంటుంది. ఆ సంగతి నేను పుస్తకాల్లో ఎన్నోసార్లు చదివాను. ఆ ఏటవాలు ఎలా ఉంటుందో ఆయన అరచెయ్యి చెప్పింది.

"దీనిమీద పేరేదిరా?" అన్నారు. రాయిస్తున్నాను పెదనాన్నా, రంగేదో చెప్పు అన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించారు. "వెండిలా మెరిసేది. పక్కన ఒక పట్టీ ఉండేది. నీలమో, ఆకుపచ్చో... లేకపోతే అది నిజాం బస్సుల రంగేమో. కలిసిపోయిందిరా."

నాకు దొరికిన ఫొటోలు మూడూ నలుపు తెలుపువే. పట్టీ ఉంది, బూడిదరంగులో. రిజిస్ట్రేషను అక్షరాల్లో చివరి రెండూ మెట్లబండి వెనక్కి పోయాయి. ఊహించి వేయవచ్చు, చూసేవాళ్లలో కాదనేవాడు ఒక్కడూ ఉండడు. అదే నన్ను ఆపుతోంది. నేను వేసింది తప్పయితే, రేపు ఎవరైనా దాన్ని ఫొటో తీస్తే, అదే సాక్ష్యమైపోతుంది. బేగంపేట నుంచి ప్రయాణికుల విమానాలు 2008 మార్చిలో శంషాబాదుకి తరలిపోయాయి. అడుగుదామంటే ఆనాటివాళ్లు మిగల్లేదు.

నీలం డబ్బా, ఆకుపచ్చ డబ్బా రెండూ కొని ఉంచాను, మూతలు తియ్యలేదు. ఇది చదివే మిత్రుల ఇళ్లలో పాత ఆల్బములుంటే ఒకసారి తిరగేయండి. పెళ్లికో ఉద్యోగానికో మద్రాసో ఢిల్లీయో వెళుతూ విమానం ముందు నిలబడ్డ తాతగారి ఫొటో ఉండవచ్చు. రంగుల్లో ఉండదు, తెలుసు. కాని వెనకాల ఎవరో ఏదో రాసి ఉంటారు. లేదా ఫొటోతోపాటు టికెట్టు దాచి ఉంటారు. టికెట్టు మీద ఆ కంపెనీ రంగు ఉండి ఉంటుంది. ఒక్క అంగుళం ముక్క చాలు.